ప్రమాణపూర్వక నడక

పెళ్ళాం సైన్సు టీచరైతే మొగుడికి జరిగే నష్టమేమిటో మీకు తెలుసా? అబద్ధం చెప్పడానికి వీలుండదు. నిజమే చెప్పి మోసం చెయ్యాల్సి వస్తుంది. అది ఎంత కష్టమో పడినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నా ఒంట్లో చక్కెర ఎక్కువైంది. నోట్లో మాత్రం ఎప్పుడూ లేదని మా ఆవిడ అంటుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నాడు డాక్టరు. నెల తిరిగేసరికి తగ్గకపోతే పొట్టమీద సూదే అన్నాడు. సూది పేరు చెబితే నాకు గుండె జారిపోతుంది, నడక పేరు చెబితే కాళ్ళు జారిపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రోజూ నడుస్తానని నాకు ప్రమాణం చెయ్యండి," అంటూ చెయ్యి చాచింది ఆవిడ.

సాయంత్రం దాకా గడువడిగాను. అప్పటికి ఆవిడ మర్నాటి పాఠం పైకి చదువుకుంటోంది.

"భూమి నుంచి సూర్యుడి దాకా సుమారు పదిహేను కోట్ల కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఒక ఖగోళ ప్రమాణం అంటారు. గురుగ్రహం సూర్యుడికి అయిదు ప్రమాణాల పైచిలుకు దూరంలో ఉంది."

"ఏమోయ్, అంటే మన గడప నుంచి ఎక్కడికో ఒకచోటికి కొలిచేసి, దానికే ప్రమాణమని పేరు పెట్టేశారా?"

"అంతే. కోట్లతో ఎవరు వేగుతారండీ? తమకి వీలైన కొలత తాము పెట్టుకున్నారు."

నా నెత్తిన పాలు పోసింది మహాతల్లి. మా గేటు నుంచి వీధి మలుపులో ఉన్న మంగలి షాపు దాకా ఒక గృహప్రమాణం అని అక్కడికక్కడే తీర్మానించాను. వెంటనే ఆవిడ చేతిలో చెయ్యేసి, "నడుస్తానోయ్, నాలుగు ప్రమాణాలు!" అన్నాను.

"ఒకటి చాల్లెండి. నాలుగెందుకు?"

"గట్టిగా ఉంటుందని."

మర్నాటినుంచి మొదలు. షాపుకి వెళితే ఒకటి. చేతిరుమాలు మరిచిపోయానని ఇంటికొస్తే రెండు. మళ్ళీ వెళితే మూడు. చీకటిపడే ముందు కొంపకి చేరితే నాలుగు. మధ్యలో షాపు వెనక పెరట్లో ఎత్తు స్టూలు మీద కూచుని తల మర్దన చేయించుకునేవాణ్ణి.

నడక కోసమని మా ఆవిడ ఒక ఎర్రటోపీ కొనిచ్చింది. మూడో అంతస్తులో ఉన్న మా ఇంట్లోంచి చూస్తే పెరటిగోడ పైన ఆ టోపీ ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక పెద్ద మైదానం, మైదానం చివర వాటర్ ట్యాంకు.

"మన వంటింటి కిటికీలోంచి చూడు. ట్యాంకు పక్కన నా టోపీ కనిపిస్తుంది," అన్నాను. ఇందులో అబద్ధముంటే చెప్పండి!

ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి మురిసిపోయింది. మంగలి టోపీ మీదినుంచే మర్దన చేస్తుంటే, తల ఊగడం చూసి నేను పరుగు కూడా మొదలెట్టాననుకుంది. ఊరుకుంటుందా? అపార్ట్‌మెంటంతా టముకు వేసింది. దాంతో ఆడవాళ్ళందరూ మొగుళ్ళని వీధిలోకి తోలారు. పై అంతస్తు ప్లీడరు, ఆయన పొట్ట ఆయనకన్నా ముందు కోర్టుకి హాజరవుతుంది, రొప్పుతూ నన్ను మెట్లమీద పట్టుకుని, "మీ పుణ్యమా అని నా కాపురం వీధిన పడిందండీ," అన్నాడు.

ఒకరోజు ఆడవాళ్ళు నలుగురు నా పరుగు చూద్దామని మా ఇంటికొచ్చారట. నేను పెరట్లో ఉన్నాను కాబట్టి తర్వాత విన్నదే చెబుతున్నాను.

"అదుగో, ట్యాంకు పక్కన," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ట్యాంకేమిటండీ? సెల్‌టవరు పక్కనైతేనూ!" అంది ప్లీడరుగారి భార్య హాలు కిటికీ దగ్గర్నుంచి.

"నాకు కళ్ళు లేవనుకున్నారా?"

"నాకు మాత్రం చత్వారమా?"

మాటా మాటా పెరిగింది. ఇద్దరూ చోట్లు మార్చుకుని చూశారు. కిటికీ మారేసరికి టోపీ కూడా ట్యాంకు నుంచి టవరుకి గెంతింది. మా ఆవిడ గబుక్కున ఆగి, అందర్నీ ముక్కు ముందు బొటనవేలు నిలబెట్టమంది.

"కుడికన్ను మూసి చూడండి. ఇప్పుడు ఎడమకన్ను మూయండి. వేలు గెంతిందా? దగ్గరున్నది బాగా గెంతుతుంది, దూరాన ఉన్నది కదిలీ కదలనట్టుంటుంది. నక్షత్రాల దూరం ఇలాగే కట్టేది. భూమి సూర్యుడికి ఈ పక్కన ఉన్నప్పుడు ఒకసారి, ఆ పక్కకి వెళ్ళాక ఒకసారి చూస్తారు. ఆ గెంతుని బట్టే పార్సెక్ అని ఒక కొలత పెట్టారు."

"మరి మీవారు ఎన్ని పార్సెక్కుల్లో ఉన్నట్టు?"

"ఇంత గెంతు గెంతారంటే పార్సెక్కులు కాదు, పక్కవీధిలో కూడా లేరు, ఆ మంగలి షాపు గోడ వెనకే ఉన్నారు. పదండి."

నేను కళ్ళు మూసుకుని, రెండు చెంచాల చక్కెర వేసిన టీ చప్పరిస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మహిళామండలి.

"సారు పాపం రోజూ ఇంతేనమ్మా," అన్నాడు మంగలి, నన్ను కాపాడదామని.

"నేను అబద్ధమాడలేదు. నాలుగు ప్రమాణాలన్నాను, నాలుగూ నడిచాను," అని గృహప్రమాణం సంగతి విప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

"రేపు సూదంటూ వస్తే గుచ్చాల్సింది నేనండీ," అంది మెల్లగా. "రోజూ మిమ్మల్ని పొడవడం నా వల్ల కాదు."

చచ్చేంత సిగ్గేసింది. చేతిలో టీ పారబోశాను.

మర్నాడు ఆవిడే నా వెంట బయల్దేరింది. మైదానం దాటాం, ట్యాంకు దాటాం, టవరూ దాటాం. నాకు నాలుక బయటికొచ్చింది.

"ఇంకా ఎంత దూరమోయ్?"

"అయిదు నిమిషాల దూరం."

ఆ అయిదూ అయ్యాయి, ఇంకో అయిదూ అయ్యాయి. రోడ్డు మాత్రం అవలేదు.

"అయిదు నిమిషాలన్నావుగా!" అని ఏడుపు ముఖం పెట్టాను.

"అన్నాను. వెలుగు నడకకి."

"వెలుగు నడకేమిటే?"

"ఆకాశంలో దూరాలు అలా కూడా చెబుతారండీ. వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. అయిదు నిమిషాలకి తొమ్మిది కోట్లు. నేను మాత్రం అబద్ధమాడానా? ఊఁ, నడవండి!"

నడిచాను.