ఉత్తరపు తాడు, దక్షిణపు తాడు

చర్చ ప్రజాస్వామ్యానికి ఊపిరి అనీ, మన నియోజకవర్గంలో ఆ ఊపిరి బొత్తిగా ఆడటం లేదనీ శాసనసభ్యులు మోహనకృష్ణ గారు భోగాపురం సభలో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే ఉన్నాను. ఆ మండలానికి పత్రికా విలేకరిని నేను. వార్త రాసుకోవడం ఆపి రెండు చేతులా చప్పట్లు కొట్టిన అనుభవం నాకు అదే మొదటిది.

ఆయన ఆరోజు 'జన చర్చ' అనే పథకం ప్రారంభించారు. సామాన్య పౌరులు వారం వారం ఒకచోట కూర్చుని ప్రభుత్వ విధానాల మీద వాదించుకోవాలి. సమర్థించేవాళ్ళు ఒక పక్క, విమర్శించేవాళ్ళు ఒక పక్క. విమర్శించేవాళ్ళకి కూడా టీ ఇస్తారు. బాగా వాదించుకున్న ఊరికి 'ఉత్తమ చర్చా గ్రామం' అనే బిరుదు, ఆ ఊరి పనులకి మొదటి ప్రాధాన్యం. తనని తిట్టడానికి ప్రభుత్వ ఖర్చుతో షామియానా వేయించిన నాయకుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

పథకానికి తొలి గ్రామంగా సముద్రం ఒడ్డునున్న నీలాటిపాలెం ఎంపికైంది. చర్చా సమన్వయకర్తగా గోవింద్ గారనే యువ అధికారి వచ్చారు. చేతిలో ల్యాప్‌టాప్, మెడలో ఐడీ కార్డు, ఇసకలో నడవడానికి ఏమాత్రం వీలుకాని బూట్లు. మనిషి మంచివాడు.

ఆయనకి మొదటిరోజే చిక్కు వచ్చింది. ఊళ్ళో రెండు పక్షాలు లేవు. అందరూ వేట మీద బతికేవాళ్ళు, అందరూ చుట్టాలు, అందరూ అన్ని ప్రభుత్వాల్నీ సమానంగా తిట్టేవాళ్ళు. ఒడ్డున జెట్టీ కడతామని పాత ఎమ్మెల్యే జగన్నాధం గారు అప్పట్లో ఒక శిలాఫలకం వేశారు. ఆయన్ని ఓడించి వచ్చిన మోహనకృష్ణ గారు ప్రజాధనం విషయంలో జాగ్రత్తపరులు కాబట్టి కొత్త రాయి కొనకుండా అదే రాయికి వెనకవైపు తన పేరు చెక్కించారు. జెట్టీ రాలేదు గానీ రాయి మీద వలలు బాగా ఆరతాయి. "ఎవులొస్తే మనకేటి" అన్నది ఆ ఊరి ఏకగ్రీవ అభిప్రాయం.

ఏకగ్రీవం ఉన్నచోట చర్చ పుట్టదని గోవింద్ గారు ఓపిగ్గా బోధించారు. ప్రభుత్వాన్ని సమర్థించేవాళ్ళని చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తలేదు. విమర్శించేవాళ్ళని ఎత్తమంటే పసిపిల్లలతో సహా ఎత్తారు. ఇలా అయితే పథకం మొదటి ఊళ్ళోనే ఆగిపోతుందని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆ ముఖం చూసి జాలిపడి దాలయ్య అనే పెద్దాయన లేచాడు.

"బాబూ, మమ్మల్ని రెండు సెయ్యాలంటే ఒకటే దారున్నాది. తాళ్ళు."

ఇక్కడ పాఠకులకి కొంత చెప్పాలి. ఆ ఊరికి ఒకే ఒక్క అలివి వల ఉంది. దాన్ని పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో పెద్ద చుట్టుగా దింపుతారు. వలకి ఒక కొసన కట్టిన తాడు ఒడ్డున ఉత్తరం వైపు ఉంటుంది, రెండో తాడు దక్షిణం వైపు. రెండు జట్లు చెరో తాడూ పట్టుకుని ఒక్క ఊపున లాగుతూ, లాగిన కొద్దీ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. ఉత్తరపు జట్టు కేక వేస్తే దక్షిణపు జట్టు బదులు కేక వేస్తుంది. రెండు జట్లూ భుజాలు రాసుకునేంత దగ్గరికి చేరేసరికి చేపలున్న వల సంచి ఒడ్డెక్కుతుంది. ఎవరిది ఏ తాడన్నది తాతల నాడే తేలిపోయిన సంగతి. పెళ్ళయితే ఆడపిల్ల అత్తవారి తాడుకి వెళ్తుంది.

గోవింద్ గారికి ఆ ఏర్పాటుతో ప్రాణం లేచొచ్చినట్టయింది. మోహనకృష్ణ గారి ఇల్లు ఊరికి ఉత్తరాన ఉంది కాబట్టి ఉత్తరపు తాడుని అధికార పక్షం అన్నారు. జగన్నాధం గారి రొయ్యల చెరువులు దక్షిణాన ఉన్నాయి కాబట్టి దక్షిణపు తాడు ప్రతిపక్షం. ఉత్తరపు జట్టుకి పెద్ద అప్పలసూరి, దక్షిణపు జట్టుకి దాలయ్య. దాలయ్య చెల్లెలు ఈశ్వరిని అప్పలసూరికే ఇచ్చారు. బావాబావమరుదులు పొద్దున్న లేస్తే ఒకే చుట్ట చెరి సగం కాల్చుకునేవాళ్ళు.

"అయితే నానేటి, గవర్నమెంటునా?" అని అప్పలసూరి అడిగాడు.

గోవింద్ గారు అవునన్నారు. ఆ మాటతో అప్పలసూరి కొంచెం నిటారుగా కూర్చోవడం నేను స్వయంగా చూశాను.

మొదటి వారం చర్చ చప్పగా సాగింది. జెట్టీ వస్తాదేమో అని ఉత్తరం వాళ్ళు మొహమాటంగా అన్నారు. రాదేమో అని దక్షిణం వాళ్ళు అంతకంటే మొహమాటంగా అన్నారు. తర్వాత అందరూ కలిసి టీ తాగారు. గోవింద్ గారు నిరాశ పడలేదు. మర్నాటికి ఇరుపక్షాలకీ మాట్లాడాల్సిన పాయింట్లు, రెండు రంగుల కండువాలు తెప్పించారు. మెడలో కండువా పడ్డాక మనిషి గొంతు మారుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మూడో వారానికి ఊరు ఎంతో ఎదిగింది. భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తే మన కవళ్ళ చేపలు పొద్దున్న పట్టి మధ్యాహ్నానికి దుబాయిలో పులుసు పెట్టించుకోవచ్చని ఉత్తరం వాళ్ళు బల్లగుద్ది చెప్పారు. విమానం చప్పుడికి కవళ్ళు బెదిరి ఒడిశా వెళ్ళిపోతాయని దక్షిణం వాళ్ళు అంకెలతో సహా నిరూపించారు. జెట్టీ వచ్చేసినట్టేనని ఉత్తరం వాళ్ళు రాయికి ఒక పక్క కూర్చునేవాళ్ళు. జెట్టీ ఎప్పుడో రావలసిందని దక్షిణం వాళ్ళు రెండో పక్క కూర్చునేవాళ్ళు. బావాబావమరుదులు ఎవరి చుట్ట వాళ్ళు కాల్చుకోవడం మొదలెట్టారు. ఈశ్వరికి పుట్టిల్లు ఒక పక్షం, అత్తిల్లు ఒక పక్షం. మొదట్లో ఆమెకి రెండు వైపులా టీ అందేది. తర్వాత ఏ వైపూ అందలేదు. ఇదంతా నేను 'రాజకీయ చైతన్యం వెల్లివిరిసిన తీరం' అనే శీర్షికతో రాశాను, మోహనకృష్ణ గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

ఈ చైతన్యంలో కలవని మనిషి ఊళ్ళో ఒక్కతే. ఆమె లక్ష్మణమ్మ. ఆ వల ఆమెది. భర్త పోయాక కూతురు అనితతో కలిసి దాన్ని నడుపుతోంది. నిరుడు తుఫానుకి వల సగం చినిగితే ఎండాకాలమంతా తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చుని ముడి మీద ముడి వేసి బాగుచేసుకున్నారు. కవళ్ళు ఒడ్డు దగ్గరికొచ్చే రోజులు కొద్దిగానే ఉంటాయి. ఆ రోజుల్లో పడ్డదే ఆమెకి ఏడాది బతుకు.

ఒకరోజు ఆమె నన్ను పట్టుకుంది. "పేపరు బాబూ, ఆళ్ళు డేరా కింద ఏటైనా సెప్పుకోనీ. నా వల కాడ మాత్రం ఈ గోల ఒద్దని రాయి. ఈ పాలి వల ఆడకపోతే నానూ పిల్లా రొయ్యల షెడ్డుకెళ్ళి తలకాయలు ఒలుసుకోవాల. ఈ ఒడ్డు ఒదిలీవాల."

అభిప్రాయ స్వేచ్ఛకి డేరా లోపలా బయటా అని హద్దులుండవని ఆమెకి నచ్చజెప్పాను. ఆమె నా వంక అదోలా చూసి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే వల వేశారు. నేను ఒడ్డునే ఉన్నాను. ఉత్తరపు జట్టు కేక వేసింది. దక్షిణపు జట్టు బదులు వెయ్యలేదు. అధికార పక్షం కేకకి బదులిస్తే మద్దతు ఇచ్చినట్టు అవుతుందని దాలయ్య తన జట్టుకి చెప్పాడు. వాళ్ళ కేక వాళ్ళే వేసుకున్నారు. ఈ పక్క ఊపు ఒకప్పుడు, ఆ పక్క ఊపు ఒకప్పుడు. వల ఎడ్డెం తెడ్డెంగా కదులుతూ ఎలాగో దగ్గరికి వచ్చింది. ఇక జట్లు ఒకరి వైపు ఒకరు జరగాలి.

సరిగ్గా అక్కడ సిద్ధాంతం అడ్డొచ్చింది. ఉత్తరపు జట్టులో ముందున్న కుర్రాడు దక్షిణం వైపు రెండడుగులు వేసేసరికి వెనకనుంచి ఎవరో అది ఫిరాయింపు అన్నారు. కుర్రాడు వెనక్కొచ్చేశాడు. దక్షిణం వాళ్ళూ ఉన్నచోటే కాళ్ళు ఇసకలోకి తన్నిపెట్టి నిలబడ్డారు.

"నువ్వే ముందు రా బావా," అన్నాడు అప్పలసూరి.

"గవర్నమెంటు ఒక మెట్టు దిగాల. అది రూలు," అన్నాడు దాలయ్య.

లక్ష్మణమ్మ ఇటు పరిగెత్తి ఇతని గెడ్డం పట్టుకుంది, అటు పరిగెత్తి అతని గెడ్డం పట్టుకుంది. ఆ రెండు తాళ్ళ మధ్య ఎడం అలాగే ఉంది. ఆ ఎడంలోంచి కవళ్ళు వెండిలా మెరుస్తూ తాపీగా సముద్రంలోకి వెళ్ళిపోయాయి. ఆ మెరుపు నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. రెండు జట్లూ తాళ్ళు వదిలేసి, తాము తగ్గలేదంటే తాము తగ్గలేదని నినాదాలు ఇచ్చాయి. చేపలు పోయినా విలువలు నిలిచాయని నేను రాశాను. ఆ తర్వాత వేసిన ప్రతిసారీ వల ఇంతే గౌరవంగా ఖాళీగా వచ్చింది. జిల్లాలో ఇంకే ఊళ్ళోనూ చర్చ ఈ స్థాయికి చేరలేదని గోవింద్ గారు పైకి రిపోర్టు పంపారు, బిరుదు నీలాటిపాలేనికే ఖాయమైంది.

బిరుదు ప్రదానం రోజున ఒడ్డంతా జనం. నాయకుల భోజనానికి ఊళ్ళో చేప లేకపోవడంతో పక్క ఊరినుంచి వంజరం తెప్పించారు. మోహనకృష్ణ గారి కారు వచ్చి ఆగింది. ముందు డోరులోంచి ఆయన దిగారు. వెనక డోరులోంచి జగన్నాధం గారు దిగారు. ఉత్తరం వాళ్ళ చప్పట్లు, దక్షిణం వాళ్ళ చప్పట్లు రెండూ ఒకేసారి మొదలై, రెండూ ఒకేసారి మధ్యలో ఆగిపోయాయి.

మోహనకృష్ణ గారు మైకు అందుకుని, చర్చలో గొప్పదనం ఏమిటంటే చివరికి మనసులు కలుస్తాయని చెప్పారు. ఆ కలయికకి గుర్తుగా జగన్నాధం గారి మెడలో తన పార్టీ కండువా వేశారు. నియోజకవర్గ అభివృద్ధి కోసమే ఈ నిర్ణయమని జగన్నాధం గారు అన్నారు. అభివృద్ధిలో ఆయన రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి.

తర్వాత ఫొటో. నాయకులిద్దరూ వల లాగుతున్నట్టు ఉంటే బాగుంటుందని నేనే సలహా ఇచ్చాను. డేరా కట్టగా మిగిలిన మోకు ముక్కలు రెండు జీపు బంపరుకి కట్టి చెరొకటి ఇచ్చాం. ఫ్రేములో పట్టడం లేదు, దగ్గరికి జరగమన్నాను. ఇద్దరూ నవ్వుతూ జరిగారు. ఇంకా జరగమన్నాను. భుజాలు రాసుకునేదాకా జరిగారు. ఊరంతా నిలబడి చూసింది. దాలయ్య అప్పలసూరి వైపు చూశాడు. అప్పలసూరి శిలాఫలకం వైపు చూశాడు.

నాయకులు వంజరం తిని వెళ్ళాక గోవింద్ గారు చాలా కంగారుగా మైకు దగ్గరికి వచ్చారు. పథకం రెండో విడత కూడా ఈ ఊరికే మంజూరైందట. కానీ జగన్నాధం గారు ఇటు వచ్చెయ్యడంతో దక్షిణపు తాడు కూడా అధికార పక్షంలో కలిసిపోయింది. ప్రతిపక్షం లేకుండా చర్చ ఎలా? ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, ఒక్కో తాడుకీ ముందు పట్టుకునేవాళ్ళు ఎవరు, వెనక పట్టుకునేవాళ్ళు ఎవరు అని అడిగారు. ముందువాళ్ళు సమర్థించాలి, వెనకవాళ్ళు విమర్శించాలి. జనం గుంపుగా దగ్గరికి చేరారు. తాత ఎక్కడ పట్టుకునేవాడు, ముత్తాత ఎక్కడ పట్టుకునేవాడు అని వాదన అప్పుడే మంచి ఊపు అందుకుంది.

అదే సమయంలో సముద్రం మీద పిట్టలు మూగాయి. నీళ్ళు ఒకచోట నల్లబడ్డాయి. ఆ ఏడాదిలో అంత పెద్ద కవళ్ళ గుంపు రాలేదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. లక్ష్మణమ్మ రెండు మూడుసార్లు పిలిచింది. మైకు శబ్దంలో ఎవరికీ వినిపించలేదు. పడవ వాళ్ళు ఏ తాడుకీ చెందరు కాబట్టి వాళ్ళు మాత్రం వెళ్ళి వల దింపారు. ఒడ్డున లాగే మనుషులు లేక ఆమె రెండు తాళ్ళ కొసలూ ఒకేచోటికి తెప్పించుకుంది. ఒక తాడు తన నడుముకి చుట్టుకుని, రెండో తాడు అనిత నడుముకి చుట్టింది. ఇద్దరి మడమలూ ఇసకలో దిగబడిపోతున్నాయి. తాళ్ళు మాత్రం వాళ్ళనే సముద్రం వైపు లాగుతున్నాయి.

"పేపరు బాబూ, ఒక్క సెయ్యెయ్యి," అంది నన్ను చూసి.

విలేకరి ఏ పక్షం తాడూ పట్టుకోకూడదని, అది వృత్తి ధర్మమని ఆమెకి మర్యాదగా చెప్పాను. ఆమె కేక వేసింది. తల్లి కేకకి కూతురు బదులు కేక వేసింది. ఆ ఒడ్డున బదులు కేక విని చాలా రోజులైంది.

గోవింద్ గారు ల్యాప్‌టాప్ పట్టుకుని నా పక్కకి వచ్చి నిలబడ్డారు. పడవ వాళ్ళతో సహా ఊళ్ళో అందరి పేర్లూ ఏదో ఒక పక్షంలో ఎక్కించేశాననీ, వీళ్ళిద్దరే మిగిలారనీ, వీళ్ళది ముందా వెనకా అనీ అడిగారు. తెలియదన్నాను. తటస్థుల్లో వెయ్యకూడదా అన్నాను.

ఆయన తెరమీద చూసుకున్నారు. తటస్థుల కింద అప్పటికే నా పేరు ఉంది. వీళ్ళని అందులో వెయ్యడానికి వీల్లేదన్నారు, వీళ్ళ చేతులు ఖాళీగా లేవు కాబట్టి.