ఎడారి వనంలో అత్తగారి వరుస

ఆస్ట్రేలియా నడిమధ్య ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి శివార్లలోని ఎడారి జంతువనంలో సంస్కృతీ పరిరక్షణ దిగ్విజయంగా సాగుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ముళ్ల తొండకు ఏసీ గది కట్టారు. అడవికుక్కకు పుట్టినరోజు చేశారు. ఇక మిగిలింది మనుషులే కనుక, డైరెక్టరు రాడ్నీగారు వాళ్ల మీద పడ్డారు.

ఆదివాసీ గైడు క్లిఫర్డ్‌నూ, గడ్డిగింజలు నూరి చూపించే మాగ్డలీన్‌నూ ఒకే నెగడు దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘సజీవ కుటుంబం’గా ప్రదర్శించాలని ఆయన ఆజ్ఞ. చిక్కల్లా ఒక్కటే. మాగ్డలీన్ క్లిఫర్డ్‌కు పిల్లనిచ్చిన అత్త. వాళ్లలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, మాట కలపకూడదు. ఆవిడ ఎదురొస్తే పొదచాటుకు తప్పుకోవాలి. పెళ్లయిన నాటి నుంచీ ఆ మర్యాదకు వెంట్రుకవాసి లోటు రానివ్వలేదతను. ఇప్పుడు కూర్చుంటే పరువు పోతుంది, కూర్చోకపోతే ఉద్యోగం పోతుంది.

“అత్త ఎదురుగా కూర్చోవడమా బాసూ! మావాళ్లు నా మొహాన ఉమ్మేస్తారు!” అని మొత్తుకున్నాడు.

రాడ్నీగారు గొంతు సవరించుకున్నారు. “మీ సంస్కృతంటే నాకు ప్రాణం. దాన్ని లోకానికి చూపించడం కోసం, రోజుకో అరగంట దాన్ని పక్కన పెట్టలేరా?”

ప్రదర్శన మొదలైంది. నెగడుకు అటు అత్త, ఇటు అల్లుడు, ఇద్దరూ వీపులు తిప్పుకుని కూర్చున్నారు.

“ఒసే కుక్కా,” అంది మాగ్డలీన్, కంచె లోపలి అడవికుక్కతో. “పొగంతా అటే పోతోంది, కాస్త జరగమని చెప్పవే ఆ అబ్బాయికి.”

“పర్లేదని చెప్పవే కుక్కా,” అన్నాడు క్లిఫర్డ్ దగ్గుతూ.

కుక్క ఆవులించింది. ఇంత సహజమైన కుటుంబాన్ని ఎక్కడా చూడలేదని సందర్శకులు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకు రాడ్నీగారికి పూనకం వచ్చింది. నెగడు దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికి క్లిఫర్డ్‌ను కావలించుకున్నారు. “నేనూ మీవాణ్ణే! నాకూ ఏదో ఒక వరుస కలపండి!”

“అంతకన్నానా! ఇవాళ్టి నుంచి నువ్వు నాకు సొంత అన్నవి,” అన్నాడు క్లిఫర్డ్.

రాడ్నీగారి కళ్లు చెమర్చాయి. మాగ్డలీన్ మాత్రం కెవ్వుమని ముసుగేసుకుంది. “అల్లుడి అన్న నాకు అల్లుడే కదే కుక్కా! నలుగురిలో ఇలా మీదమీదకొచ్చి నిలబడ్డాడేమే, సిగ్గూ శరం లేకుండా! పొమ్మను!”

సంస్కృతిని అవమానిస్తున్నాడని సందర్శకులు గొణిగారు. ఫోన్లన్నీ ఆయన వైపు తిరిగాయి. రాడ్నీగారు పరుగున పోయి ఈము పక్షుల దొడ్లో దాక్కున్నారు. మర్నాటికల్లా ప్రదర్శన రద్దయింది. అత్త ఎదుటికి వెళ్లి ఉత్తర్వులివ్వడం కొత్త అల్లుడైన డైరెక్టరుకు తగదు కదా. క్లిఫర్డ్ ఊపిరి పీల్చుకున్నాడు.

రాడ్నీగారు ఇప్పుడా ఆచారాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నారంటే, క్రిస్మస్‌కు అడిలైడ్ నుంచి దిగిన సొంత అత్తగారికి సైతం ముఖం చూపించలేదు. పరాయి ఆచారాలు మనకెందుకని ఈసడించే మన తెలుగు అల్లుళ్లు కూడా, ఈ ఒక్కదాన్ని తెచ్చుకోవాలంటే ఎవర్ని కలవాలని వాకబు చేస్తున్నారు. పండగ కానుకలు మాత్రం ఎవరి చేతనైనా పంపిస్తే చాలునట.