పంపు ఆపరేటరు డ్యూకుగారు

2006 జూన్ మొదటి వారంలో గోదావరిఖని బొగ్గుగనిలో పంపు ఆపరేటరు దేవసహాయం యూరప్‌లో డ్యూకు అయ్యారు. ఆ రోజు ఆయనకు రెండో షిఫ్టు ఉండడంతో పట్టాభిషేకం జరగలేదు.

సంగతి ఉత్తరం ద్వారా తెలిసింది. డెన్మార్కుకూ జర్మనీకీ నడుమ గ్రూన్‌హోల్మ్ అని ఒక చిన్న సంస్థానం ఉండేదట. దాన్ని ఏలేవాణ్ని డ్యూకు అంటారు. సంస్థానం రద్దయి నూట నలభై ఏళ్లయినా బిరుదు మాత్రం ఆరోగ్యంగా ఉంది. చివరి డ్యూకు పిల్లలు లేకుండా పోయాడు. ఆడవాళ్లకూ హక్కుందని డేనిష్ చుట్టాలు, మగవాళ్లకేనని జర్మన్ చుట్టాలు కోర్టుకెక్కారు. ఇంతలో ఒక వకీలు పాత కాగితాలు తిరగేసి, ఆ వంశపు పెద్దకొడుకొకడు పాదిరిగా మన దేశానికొచ్చి తెలుగు పిల్లను పెళ్లాడాడనీ, అతని మునిమనవడే దేవసహాయమనీ కనిపెట్టాడు.

ఉత్తరం చదివి చెప్పింది దేవసహాయం అక్క, రిటైరైన ఇంగ్లీషు టీచరు సుగుణమణి. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనెత్తుకుని పెంచిన మనిషి. మొదటిసారి చదివి సంతోషంతో ఏడ్చింది. రెండోసారి చదివి కళ్లు తుడుచుకుంది.

“తమ్మీ, డెన్మార్కోళ్ల లెక్కల పెద్దబిడ్డకే గద్దె. అంటే నాదే.”

“జర్మనోళ్లు గట్ల అంటలేరు గదక్కా!”

“జర్మనోళ్లు నీకు ఎప్పటిసంది చుట్టాలైండ్రు రా?”

ఆ రోజుతో మాటలు బంద్.

కాలనీ తన బాధ్యతను వెంటనే గుర్తించింది. చర్చిలో ఎడమవైపు బల్లలు డెన్మార్క్, కుడివైపువి జర్మనీ అయ్యాయి. రెండింటికీ చెరో సంఘం వెలిసింది. డెన్మార్క్ వాళ్లు జర్మనీ వాళ్ల పెళ్లికి వెళ్లి, పెరుగు వడ్డించే ముందు లేచి వచ్చి నిరసన తెలిపారు. జబ్బుచేసి పనికిరాడని తేలిన కార్మికుడి ఉద్యోగం వారసుడికిచ్చే గని అది; దాని గేటు ముందు కార్మిక నాయకుడు గట్టయ్య మైకు పట్టారు.

“వారసత్వ ఉద్యోగం కార్మికుని జన్మహక్కు! డ్యూకు పోస్టు ఎందుకు ఖాళీ వెట్టిండ్రు? పాత డ్యూకును జల్ది మెడికల్ అన్‌ఫిట్ చేసి, మనోన్ని డ్యూటీల వెట్టుకోవాలె!”

పాత డ్యూకు చనిపోయాడని ఎవరో చీటీ అందించారు.

“గట్లయితె ఇంకా అల్క! అన్‌ఫిట్ కాగితం గూడ అక్కెర లేదు!” అన్నారు గట్టయ్య. చప్పట్లు మోగాయి.

వకీలు వారసత్వ ధ్రువపత్రం అడిగాడు. అక్కాతమ్ముళ్లు వేర్వేరు ఆటోల్లో ఒకే మండలాఫీసుకు వెళ్లారు. గుమాస్తా నర్సింగం నిబంధనల ప్రకారం అడిగాడు: “గ్రూన్‌హోల్మ్ ఏ మండలం? సచ్చిపోయినాయన రేషన్ కార్డు జిరాక్స్ ఏది?” ఆపైన, అభ్యంతరం లేదని ఒకరి కాగితం మీద మరొకరు సంతకం పెట్టాలన్నాడు. ఇద్దరూ పెన్ను మూతలు పెట్టేసి ఇంటికొచ్చారు.

రెండేళ్లు గడిచాయి. షిఫ్టుకు పోతూ డ్యూకుగారు అక్క గుమ్మం ముందు సైకిలు బెల్లు గట్టిగా కొట్టేవారు. ఆమె ఠపీమని కిటికీ వేసేది. వేశాక, తమ్ముడు చిక్కిపోయాడేమోనని రెక్కల సందులోంచి చూసేది.

అప్పుడు రెండో ఉత్తరం వచ్చింది. అదీ ఇంగ్లీషులోనే. దేవసహాయానికి ఇంగ్లీషులో సంతకం తప్ప రాదు. సిగ్గుపడుతూ అక్క గుమ్మంలో నిలబడ్డారు.

“జర చదువు అక్కా.”

చదివింది. డేనిష్ చుట్టాల పిల్ల, జర్మన్ చుట్టాల పిల్లవాడు కోర్టు వరండాలోనే ప్రేమించుకుని పెళ్లి చేసుకున్నారు. గోదావరిఖని నుంచి ధ్రువపత్రం ఎటూ రాలేదని, బిరుదు ఆ జంటకే ఇచ్చి కేసు కొట్టేశారు. ఫోటో జతపరిచారు.

సుగుణమణి ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముణ్ని చూసింది.

“సక్కటి జోడి. నువ్వు తిన్నవా?”

“ఇంకా లేదు.”

“లోపటికి రా మల్ల. గుమ్మంల నిలవడితె ఎవలు పెడ్తరు?”

ఈ దుర్వార్త కాలనీలో గుప్పుమంది. శత్రువు ఇంట్లో భోజనం చేసినందుకు దేవసహాయాన్ని జర్మనీ సంఘం బహిష్కరించింది. వడ్డించినందుకు సుగుణమణిని డెన్మార్క్ సంఘం తొలగించింది. సంస్థానంతో వాళ్లిద్దరికీ ఎలాంటి సంబంధం లేదని ఉమ్మడి ప్రకటన వెలువడింది. రెండు సంఘాలూ కలిసి చేసిన పని అదొక్కటే.

తర్వాత మందమర్రి గని నుంచి బదిలీపై వచ్చిన కార్మికుడు రాయమల్లు ఇంకా సామాను దించకముందే, ఎటువైపని రెండు సంఘాల వాళ్లూ అడిగారు.

“నాకు డెన్మార్క్ తెల్వది, జర్మనీ తెల్వది అన్నా.”

“తెలుసుడు ఎందుకు? ఎటో చెప్పు.”

రాయమల్లు కాసేపు ఆలోచించి, ఎటువైపు మంది ఎక్కువున్నారని అడిగాడు. మీరూ నేనూ అడిగే ప్రశ్నే. ప్రస్తుతం ఆయన ఆ సంఘానికి ఉపాధ్యక్షులు.