అనుమతి లేకుండా పేరుకున్న ద్రవం

పరిశోధనా సంస్థలో ఎవరి ఆదేశమూ లేకుండానే అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయని తెలిసిన రోజున డైరెక్టరుగారికి కాఫీ సహించలేదు.

నేరం రెండో అంతస్తులోని పరిశోధకురాలిది. ఆమె సీసాలోని ద్రవంలో గొలుసుల్లా పొడవాటి అణువులున్నాయి. కదపకుండా వదిలేస్తే అవి తమంతట తామే చేతులు కలుపుతాయి, ద్రవం ముద్దగా పేరుకుంటుంది. సీసా తలకిందులు చేసినా జారదు. గట్టిగా కుదిపితే మాత్రం మళ్ళీ నీళ్ళే. ఏడాది చివరికల్లా అది పేరుకుంటేనే ఆమె ఉద్యోగం నిలిచేది.

"తమంతట తామే ఏమిటమ్మా? రేపు అటెండర్లు కూడా తమంతట తామే పనిచేస్తామంటారు. అప్పుడు మనమెందుకు?" అన్నారు డైరెక్టరుగారు, సంస్థ శ్రేయస్సు కోరి.

వెంటనే అణువుల ఐక్యతా పర్యవేక్షణ సంఘం వెలసింది. సభ్యులు విధినిర్వహణలో ప్రాణం పెట్టారు. అధ్యక్షులవారు రోజూ సీసా ఎత్తి వెలుతురులో చూసేవారు. తామేం తక్కువ తిన్నామా అని ఉపాధ్యక్షులవారు ఊపి చూసేవారు. కార్యదర్శి చెంచాతో కెలికి, ఇంకా పేరుకోలేదని ధ్రువీకరించేవారు. అణువులను కలిపి ఉంచే 'బలహీన బంధాలు' అన్న మాట పరువుతక్కువని ఆమె నివేదికలోంచి కొట్టేయించారు. ఒకనాడు సీసా ముందు మైకు పెట్టి అధ్యక్షులవారు ప్రసంగించారు కూడా.

"ప్రియమైన అణువులారా! జంకకుండా కలవండి. మీ వెనక మేమున్నాం!"

"సార్, కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అని పరిశోధకురాలు కాళ్ళావేళ్ళా పడింది. వదలాలా వద్దా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు.

అదృష్టం కొద్దీ, ఫొటోలో సీసా ఎవరు పట్టుకోవాలన్న దగ్గర పెద్దలకు చెడింది. వారం పాటు ఆ గదివైపు ఎవరూ తొంగిచూడలేదు. ఆమె సీసా తిరగేసింది. చుక్క జారలేదు! ఎగిరి గంతేసి, సీసాతో సహా డైరెక్టరు గదికి పరుగెత్తింది. రాజీపడ్డ సంఘం మొత్తం అక్కడే ఉంది.

"రామ్మా, నీ మాటే అనుకుంటున్నాం. నిబంధన మార్చాం. అది పేరుకుంటే ఇక నీతో పనేముంది? అవే చేసుకుంటాయిగా! పేరుకోకపోతే మాత్రం నిన్నూ సంఘాన్నీ మూడేళ్ళు పొడిగించక తప్పదు. ఇంతకీ పేరుకుందా?" అన్నారు డైరెక్టరుగారు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా నవ్వుతూనే నిలబడి, సీసాను వీపు వెనక పెట్టుకుని చెయ్యి నొప్పెట్టేదాకా కుదిపింది.

"ఇంకా లేదండీ!"

"శభాష్!" అన్నారు అందరూ. సాయంత్రమే సన్మానం జరిగింది. ఆమెను తప్పుపట్టదలచినవారు నిస్సంకోచంగా పట్టవచ్చు. ముందుగా, ఇవాళ ఆఫీసులో తమ వీపు వెనక కుదిపి వచ్చినదేమిటో ఒకసారి తలచుకుంటే చాలు.