గురవయ్య కిరసనాయిలు ఫ్యాను

ఆ పొద్దు గురవయ్య అనుకున్నది చిన్న పనే. దోర్నాల నుంచి మామ పిచ్చయ్య దిగేలోగా ఫ్యాను తిప్పాలి. "గిద్దలూరు ఎండకు నా బిడ్డ ఉడికిపోతాంది, వానలు పడేదాకా పిలుచుకపోతా" అని మామ కబురంపాడు. భార్య కృష్ణవేణమ్మ వెళితే గురవయ్య తన వంట తానే తినాలి. ఆ వంట ఒకసారి తిన్న కుక్క ఇప్పటికీ వీధి మార్చి నడుస్తుంది.

ఫ్యాను ఒక రైల్వే దొర ఊరు విడుస్తూ అమ్మిన పాత సరుకు. ఊళ్లో కరెంటు లేదు. అడుగున కిరసనాయిలు దీపం వెలిగిస్తే ఆ వేడికే మోటారు ఆడుతుంది. వేడెక్కాక రెక్కను చేత్తో ఒక్క తోపు తొయ్యాలి. ఎటు తొయ్యాలో దొర చెప్పలేదు, గురవయ్య అడగలేదు. హారతైనా తిరగలైనా మనిషి కుడివైపుకే కదా తిప్పేది.

తోశాడు. రెండు చుట్లు మూలిగి నిలబడింది. పక్కింటి మాలకొండయ్య వచ్చి వంగి చూశాడు.

"కీళ్లు పట్టేసినాయి బావా. ఆముదం పొయ్యి."

పోశారు. ఆముదం కాగి లేచిన పొగకు గోడమీది బల్లులు కాపురం పక్కింటికి మార్చాయి.

"సెగ చాల్లేదు. ఇంకో దీపం పెట్టు."

పెట్టారు. ఇల్లు ఇటుకబట్టీ అయింది. ఇద్దరూ వంతులేసుకుని కుడివైపుకే తోసి తోసి, చేతులు పడిపోయి, చివరికి ఒకరికొకరు విసనకర్రతో విసురుకుంటూ కూలబడ్డారు.

పిచ్చయ్య గడప లోపలికి ఒక అడుగు వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది అల్లుడా, బయటే నయముండాది. అమ్మాయీ, మూట కట్టు."

కృష్ణవేణమ్మ కుడిచేతిలో గరిటె ఉంది. "వంటింట్లో ఒక పొయ్యి చాలదని ఈడ ఇంకోటి" అంటూ రెక్కను ఎడమచేత్తో విసుగ్గా ఒక్కటి చరిచింది. అది ఎడమవైపుకు కదిలి, గిర్రున అందుకుంది. ఆ గాలికి పిచ్చయ్య తలపాగా ఎగిరి వాకిట్లో పడింది.

గురవయ్య ముఖం వెలిగింది. మామ ముఖం మాడింది.

"ఎడమకు తిరుగుతాంది. అప్రదక్షిణం గాలి నా బిడ్డకు తగలనియ్యను. మూట కట్టమ్మా."

"ఒక్కసారి వెనక్కొచ్చి చూడు మామా" అన్నాడు గురవయ్య నీరసంగా.

పిచ్చయ్య ఫ్యాను వెనక్కి పోయి చాలాసేపు చూశాడు. అటునుంచి కుడివైపుకే తిరుగుతోంది.

"ఇట్లయితే మంచిదే. అందరం ఈడనే కూసుందాం. మూటొద్దు. నేను గూడా వానలదాకా ఉంటా. ముందరికి ఎవురూ పోకుండా చూసుకోవాల గదా."

ఆ ఎండాకాలమంతా ముగ్గురూ ఫ్యాను వెనక, దీపాల సెగకు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. గాలి తిన్నగా వాకిట్లోకి పోయింది.

వాకిట్లో కట్టేసిన గేదె ఆ ఏడు మడుగుకు పోవడం మానేసింది.