లేదు అనని ఆఫీసు

మా నగర దస్తావేజుల కార్యాలయంలో గత నెల ఒకటో తేదీ నుంచి 'లేదు' అనే మాట రద్దు చేయబడినదని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. ఇకపై ఎవరు ఏ ఫైలు అడిగినా ఉంటుంది. ఉండక దానికి గత్యంతరం లేదు.

ఈ ఘనకార్యం వెనక ఇద్దరు మహానుభావులున్నారు. ఒకరు కార్యాలయ అధిపతి అయిన పెద్దసారు, రెండోవారు ఆయన అల్లుడు. కార్యాలయానికి వెబ్‌సైటు కట్టగల మొనగాడి కోసం పెద్దసారు దేశమంతా గాలించి, చివరికి తమ భోజనాల బల్లకు అవతలి పక్కనే కనుక్కున్నారు.

అల్లుడు పనిమంతుడే. వెబ్‌సైటు కోసం నలుగురు సహాయకుల్ని తయారుచేశాడు. సహాయకులంటే మనుషులు కారు. కంప్యూటరు లోపల ఉండే చిన్న చిన్న ప్రోగ్రాములు. పిలిస్తే పలుకుతాయి, చెప్పిన ఒక్క పనీ చేసి ఊరుకుంటాయి. ఒకటి ఫైలు పేరులోని చెత్త ఏరి శుభ్రం చేస్తుంది. ఒకటి ఆ ఫైలుకు దారి చెబుతుంది. ఒకటి ఆ దారి వెంట వెళ్లి ఉందో లేదో చూసి వస్తుంది. నాలుగోది, అవసరమైతే కొత్త ఫైలు పుట్టిస్తుంది.

"నలుగురికీ కుర్చీలు వేయించాలి," అన్నారు పెద్దసారు.

"వాళ్లు కూర్చోరు మామయ్యా!"

"మనవాళ్లు మాత్రం సీట్లో కూర్చుంటున్నారా ఏంటి? రూలంటే రూలే."

నాలుగు కుర్చీలొచ్చాయి. గుమాస్తాలు వాటిమీద గొడుగులు పెట్టుకుంటున్నారు. హాజరు పట్టీలో నూటికి నూరు వచ్చింది మాత్రం ఆ నలుగురికే.

మొదటిరోజు చిన్న పొరపాటు జరిగింది. అల్లుడు ఈ పనంతా ఇంట్లో మంచంమీద కూర్చుని చేశాడు. అందువల్ల దారి చెప్పే సహాయకుడు ఏ ఫైలుకైనా అక్కడినుంచే దారి చెప్పసాగాడు: అల్లుడుగారి ఇల్లు, పడకగది, కంప్యూటరు, అందులో 'కొత్తది', 'మరీకొత్తది', 'ఇదేచివరిది' అనే అరలు. ఆఫీసు ఫైళ్లు ఆఫీసులో ఉంటే, వెతుకులాట అల్లుడింట్లో జరిగింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా తెరమీద ఒకటే మాట: లేదు, లేదు, లేదు.

పెద్దసారు మండిపడ్డారు. దారి సరిచేయమని కాదు, అంత చిన్న విషయం ఆయన పట్టించుకోరు. "అల్లుడూ, ఆ అశుభం మాట తెరమీద కనపడకూడదు," అన్నారు.

అల్లుడు ప్రోగ్రాములో ఒకే ఒక్క వాక్యం చేర్చాడు. ఫైలు ఉందో లేదో చూసేముందు నాలుగో సహాయకుణ్ణి పిలవాలి. వాడు వెళ్లి అడిగిన పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టి వస్తాడు. తర్వాత మూడోవాడు వెళ్లి చూస్తాడు. ఉండనే ఉంటుంది! తెరమీద ఆకుపచ్చ టిక్కు, పక్కన 'ఉంది'. మర్నాటి నుంచి కార్యాలయంలో దొరకని ఫైలంటూ లేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా కుట్టుపని అక్క వచ్చింది.

ఆమె భర్త మార్కెట్లో ఏడో నంబరు కొట్టులో ఇరవై ఏళ్లు బట్టలు కుట్టాడు. ఆయన పోయాక మార్కెట్ సూపర్‌వైజరు కొట్టుకు తాళం వేయించాడు. కొట్టు ఆమె పేరున ఉన్నట్టు శుక్రవారంలోగా చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మిషను, కత్తెరలు, సగం కుట్టిన పదకొండు జాకెట్లు లోపలే ఉన్నాయి.

గుమాస్తా ఫైలు పేరు కొట్టాడు. టిక్కు వచ్చింది. అందరూ ఇక్కడే దణ్ణంపెట్టి, ఫైలుకు దారి రాసిన కాగితం పుచ్చుకుని వెళ్లిపోతారు. కానీ ఈ అక్క రెండేళ్ల కిందటే అక్షరాలు నేర్చుకుంది. లేటుగా నేర్చుకున్నవాళ్లకు ఒక దురలవాటుంటుంది. కనపడిందల్లా చదువుతారు.

"తెరువు నాయనా, చదువుకుంటాను."

"తెరవడమెందుకమ్మా? ఉందని ఉందిగా!"

"ఉంటే కనపడాలిగా."

ఇంతవరకు ఎవరూ అడగని కోరిక. గుమాస్తా తెరిచాడు. తెల్లగా ఉంది. ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఇంకా తెల్లగా ఉంది.

"ఇందులో ఒక్క అక్షరం లేదు."

"చదువు కొత్తగదమ్మా, అలవాటు పడితే కనిపిస్తాయిలే."

"మరి నీ వెనక బీరువా మీద 'మార్కెట్ కొట్లు' అని రాసుంది. అది కనిపిస్తోందే!"

"అది పాత పద్ధతి. తెరవకూడదు. కావాలంటే దారి కాగితం ఇస్తా, వెళ్లి చూసుకోండి."

కాగితం పట్టుకుని ఆమె అల్లుడింటికి వెళ్లింది. పెద్దసారు కూతురు తలుపు తీసింది. "ఇవాళ మీరు పద్నాలుగోవారు. చెప్పులు అక్కడ విడవండి. మంచం కింద కూడా చూసుకోండి, అందరూ చూస్తున్నారు. మా నాన్నకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

మంచంమీద అల్లుడు, ఒళ్లో కంప్యూటరు. "మా ఇంట్లో బాగానే పనిచేస్తోందండీ," అన్నాడు.

"ఏదడిగినా ఉందంటుందా బాబూ?"

"ఏదడిగినా!" అన్నాడు గర్వంగా.

కుట్టుపని అక్క చెప్పులు తొడుక్కుంది. తిరిగి కార్యాలయానికి వెళ్లి, గుమాస్తాను పక్కకు జరగమని, ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది: ఏడో నంబరు కొట్టు కుట్టుపనావిడదేనని ఇచ్చిన ఉత్తర్వు.

టిక్కు వచ్చింది. ఉంది!

ఈసారి ఆమె తెరవమనలేదు. తెరమీదున్నది అచ్చువేయించుకుని మార్కెట్ సూపర్‌వైజరుకు చూపించింది. ఆయన ఆకుపచ్చ రంగు చూశాడు, తాళం తీశాడు.

ఈ సంగతి ఊరంతా పాకింది. వీధిదీపం వెలగనివాళ్లు 'మా వీధిదీపం వెలుగుతోంది' అన్న ఫైలు అడిగి తృప్తిగా చీకట్లో నడిచి వెళ్లారు. బండి నడపడం రానివాడు 'వచ్చు' అన్న ఫైలు తీసుకున్నాడు. ఇంజనీరుగారు 'వంతెన తనిఖీ చేశాం' అన్న ఫైలు అడిగి, ఎండలో వంతెనదాకా వెళ్లే శ్రమ తప్పించుకున్నారు. పెద్దసారికి ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది.

"లేనిదాన్ని ఉందనడం ఎవరైనా చేస్తారు," అని ఆయన సభలో ఉపన్యసించారు. "లేనిదాన్ని ఉండేలా చేసి, ఆ తర్వాత ఉందని చెప్పడం! అదీ నిజాయితీ!" చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు.

ఇక పాత బీరువాలతో పనేముంది? పెరట్లో పారేశారు. బట్టలు పెట్టుకోవడానికి పనికొస్తుందని కుట్టుపని అక్క ఒకటి అడిగి తెచ్చుకుంది. పై అరలో ఏడో నంబరు కట్ట ఉంది. విప్పింది. భర్త పోవడానికి ఏడాది ముందే కొట్టును భార్య పేరున రాయించాడు. ఉత్తర్వు, ముద్ర, అధికారి సంతకం, అడుగున ఆయన వంకర వేలిముద్ర. ఆమె మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చదివింది. ఈసారి కళ్లజోడు తుడవడానికి చాలాసేపు పట్టింది.

దాన్ని గుండెకు హత్తుకుని మార్కెట్ సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తింది.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "టిక్కు ఏదమ్మా? ఇలాంటివి ఎవరైనా రాసుకోవచ్చు."

ఆమె అసలు ఉత్తర్వును బీరువాలో భద్రంగా దాచింది. టిక్కుకు చట్రం కట్టించి గోడకు తగిలించింది.

మీరు కూడా ఈ కథ పూర్తిగా చదివినట్టు కింద ఒక టిక్కు పెట్టేయండి. తెరిచి చూసేవాళ్లెవరు గనక!