కిల్‌బ్రాడన్ విరామం

ఆకస్మికంగా పుట్టే ఆనందానికి ఇరవై ఒక్క రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలని కిల్‌బ్రాడన్ కెల్టిక్ సంగీత నృత్యోత్సవ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. చక్రం కనిపెట్టిన తరవాత మానవజాతి వేసిన పెద్ద అడుగు ఇదేనని మా అధ్యక్షుడు ఫింటన్ గిల్‌ఫాయిల్ అభిప్రాయం. పబ్‌లో ఓ మూల నలుగురు కూర్చుని అనుకోకుండా ఫిడేళ్ళు తీయదలిస్తే నాలుగో నంబరు ఫారం. అయిదోవాడు అనుకోకుండా వచ్చి కలిస్తే నాలుగు-బి. (అనుకునే వచ్చేవాళ్ళ ఫారం ఇంకా అచ్చులో ఉంది.) నేను ఆ సంఘంలో రికార్డింగు యంత్రం చూసుకుంటాను కాబట్టి ఈ సమాచారాన్ని నమ్మవచ్చు.

మా ఊరి కీర్తి అంతా ఒక విరామం మీద నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ కిందట డబ్లిన్ నుంచి ఒక పరిశోధకుడు వచ్చి, అట్రాక్టా కాన్సిడైన్ అనే రైతు ఇల్లాలు తన వంటింట్లో వాయించిన రీల్ అనే నృత్యపు బాణీని టేపుకెక్కించుకుని వెళ్ళాడు. ఆమె వాద్యం కన్సర్టీనా, అంటే రెండు చేతుల మధ్య సాగదీసి నొక్కే చిన్న పెట్టె. ఆ రీల్ నడుమ ఎనిమిది స్వరాల మేర నిశ్శబ్దం ఉంది. అది వలస ఓడలెక్కి తిరిగి రానివాళ్ళ కోసం పాటించిన మౌనమని పరిశోధకుడు మూడు వందల పేజీల్లో నిరూపించాడు. (అక్కడ వినిపించిన ఒక కూతను యంత్రలోపంగా గుర్తించి తుడిచేశాడు.) ఆ తరవాత విరామం నేర్పే బడి వెలిసింది. విరామం వచ్చినప్పుడు నర్తకులు కుడికాలు గాల్లోకెత్తి నిలబడతారు. కాలు ఎప్పుడు దించాలన్నది వేరే ఉపసంఘం పరిధిలోని విషయం.

అట్రాక్టా మాత్రం ఒక్క ఉత్సవానికీ రాలేదు. అది సరిగ్గా పాలు పితికే వేళకే పడేది. పోయినేడు ఎనభై రెండో ఏట ఆవుల్ని అమ్మేసింది. ఈ ఏడు వచ్చింది, బడిపిల్లలు వాయించింది విన్నది, తిన్నగా నమోదు బల్ల దగ్గరికి నడిచింది.

"ఒరేయ్ ఫింటన్, అది విరామం కాదురా. పొయ్యి మీద టీ కెటిల్ కూసింది. లేచి దింపి వచ్చాను."

"పెద్దమ్మా, మీ జ్ఞాపకాన్ని సంఘం గౌరవిస్తుంది. కానీ రికార్డు ఉంది కదా."

"ఆ రికార్డులో ఉన్నది నేనేరా! దింపుతూ ఆ ఎనిమిది స్వరాలూ మనసులో పాడుకుని తొమ్మిదో దాన్నుంచి అందుకున్నా. తాతకు దగ్గులు నేర్పుతావేంట్రా?"

"అదేనండి నేను చెప్పేది. అప్పుడు మీకు ముప్పై ఎనిమిది, ఇప్పుడు ఎనభై మూడు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో మీరే చెప్పండి."

ఆమె ఉబ్బిన వేలికణుపులు బల్ల మీద పెట్టింది. "ఈ చలికాలం దాటితే ఇవి వంగవన్నాడు డాక్టరు. ఇది మా అమ్మ కట్టిన రీల్. ఆ ఎనిమిదీ నాకు తప్ప ఎవరికీ రావు. ఒక్కసారి నలుగురి ముందూ నిండుగా వాయించనివ్వరా. యంత్రంలో పడితే చాలు."

ఫింటన్ రాయిలాంటి మనిషి కాడు. ఏడు-సి ఫారం ఇచ్చాడు: వృద్ధుల పోటీ, రెండు నిమిషాలు, విభాగం "అభ్యాసకులు".

మా పోటీల నిష్పక్షపాతం గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. మొహం చూస్తే మొహమాటం వస్తుందని న్యాయనిర్ణేతలు వెనక గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, యంత్రం నుంచి వచ్చేదే వింటారు. పదకొండో నిబంధన ప్రకారం విరామం రాగానే యంత్రాన్ని నొక్కి ఆపాలి. దగ్గులూ తుమ్ములూ పడి నిశ్శబ్దం మైలపడుతుందని భయం. ఆ మీట నాది.

అట్రాక్టా వాయించింది. మూడు వందల జతల బూట్లు నేలమీద తాళం వేశాయి. విరామం వచ్చింది. బూట్లన్నీ ఒక్కసారి ఆగాయి. వేదిక మీద ఎనిమిది కుడికాళ్ళు గాల్లోకి లేచాయి. కన్సర్టీనా మాత్రం ఆగలేదు.

అవి పెద్ద స్వరాలేమీ కావు. మెట్లు దిగుతున్నామె ఏదో మరిచిపోయి మళ్ళీ పైకెక్కినట్టు ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆ రీల్ వింటున్నాను, దాని రెండో సగం ఎందుకలా మొదలవుతుందో అప్పుడు తెలిసింది. కళ్ళు చెమర్చాయి, దాచను.

"ష్!" అంది ముందు వరసలో ఒకావిడ. "విరామంలో కాస్త మర్యాద ఉండక్కర్లేదా?"

అప్పుడు చూసుకున్నాను నా బొటనవేలిని. పదకొండేళ్ళ అలవాటు. అది తన పని తాను చేసేసింది.

అట్రాక్టా వేదిక దిగి చేతులు ఒడిలో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "పడిందా అబ్బాయ్? అంతా పడిందా?"

"పడింది పెద్దమ్మా," అన్నాను.

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. అట్రాక్టా కాన్సిడైన్‌కు మొదటి బహుమతి. న్యాయనిర్ణేతల వ్యాఖ్యను ఫింటన్ స్వయంగా చదివి వినిపించాడు: "కిల్‌బ్రాడన్ విరామాన్ని ఇంత స్వచ్ఛంగా ఈ మధ్యకాలంలో ఎవరూ వాయించలేదు."